"మరో శ్రీలంక" అంటున్నారా? ఒక దేశం ఆర్థిక పరిస్థితిని మనమే చదువుకోవడం ఎలా

2022లో శ్రీలంక చేతులెత్తేసినప్పటి నుంచి మన టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో "మరో శ్రీలంక" అన్నది ఒక తిట్టు కింద స్థిరపడిపోయింది. ఎవరికి నచ్చని ప్రభుత్వాన్ని వాళ్లు శ్రీలంకతో పోలుస్తారు, అవతలివాళ్లు ఖండిస్తారు, ఈ గోలలో అసలు అక్కడ ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఉచితాల వల్ల మునిగిందని ఒకరు, చైనా ముంచిందని ఇంకొకరు, సేంద్రియ వ్యవసాయం కొంప ముంచిందని మరొకరు. ఒక్కో మాటలో కొంచెం కొంచెం నిజం ఉంది, ఏ ఒక్కటీ పట్టుకుని కథంతా చెప్పలేం.

ఎకనామిక్స్ డిగ్రీ లేకపోయినా ఒక దేశం ఎటు పోతోందో మనంతట మనం చూసుకోవచ్చు. నాలుగైదు అంకెలు, వాటిని ఏ వరుసలో చూడాలన్న అవగాహన, నిర్ణయాలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్న ఉంటే చాలు. శ్రీలంకనే ఉదాహరణగా తీసుకుంటాను. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ఆ దేశం ప్రకటించింది, ప్రమాదం మాత్రం అంతకు రెండేళ్ల ముందు నుంచీ లెక్కల్లో కనిపిస్తూనే ఉంది. ఆపగలిగే కుర్చీల్లో ఉన్నవాళ్లు ఆపలేదు. అందుకని అంకెలు చూశాక కుర్చీలు కూడా చూడమంటాను.

ముందు డాలర్ల సంగతి

సొంత కరెన్సీలో ఉన్న అప్పు వేరు, డాలర్లలో ఉన్న అప్పు వేరు. సొంత రూపాయి అయితే ప్రభుత్వం ఎలాగోలా ముద్రించుకుంటుంది, ధరలు మండుతాయి, జనం తిడతారు, అయినా బండి నడుస్తుంది. డాలర్లు ముద్రించుకోలేదు కదా. పెట్రోలు, వంటగ్యాస్, మందులు, గోధుమలు, పాలపొడి, ఇవన్నీ శ్రీలంకకు ఓడల్లో రావాల్సిందే, వాటికి ఇవ్వాల్సింది డాలర్లే.

ఒక రాష్ట్రాన్ని శ్రీలంకతో పోలిస్తే నాకు చిరాకు వచ్చేది ఇందుకే. రాష్ట్రానికి సొంత కరెన్సీ లేదు, విదేశీ మారక నిల్వలు (కేంద్ర బ్యాంకు దాచుకునే డాలర్ల లాంటి విదేశీ డబ్బు) కాపాడుకునే పని లేదు, పెట్రోలు దిగుమతికి డాలర్లు వెతుక్కోనక్కర్లేదు. రాష్ట్రం అప్పులపాలైతే జీతాలు ఆలస్యమవుతాయి, కాంట్రాక్టర్ల బిల్లులు పెండింగులో పడతాయి, కొత్త పనులు ఆగిపోతాయి. అది చిన్న కష్టమని కాదు గానీ, ఆ లెక్క వేరే, ఈ లెక్క వేరే.

దేశం విషయానికొస్తే మొదట వెతకాల్సిన అంకె విదేశీ మారక నిల్వలు. దాన్ని నెలకయ్యే దిగుమతుల ఖర్చుతో భాగించండి. మూడు నెలలకు సరిపడా ఉండాలన్నది పాతకాలం నుంచి వస్తున్న కొలత, ఇప్పటికీ చాలామంది వాడేది అదే. శ్రీలంక దగ్గర 2019 చివర్లో దాదాపు 760 కోట్ల డాలర్లు ఉండేవి, 2021 చివరికి అవి 310 కోట్లకు పడిపోయాయి. ఆ ఏడాది సరుకుల దిగుమతి బిల్లు సుమారు 2,060 కోట్ల డాలర్లు, అంటే నెలకు 170 కోట్ల పైమాటే. భాగిస్తే రెండు నెలలు కూడా రాదు.

ఇక్కడితో ఆగకండి, ఆ 310 కోట్లలో ఏముందో కూడా చూడండి. సగానికి దగ్గరగా, అంటే సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన భాగం చైనా కేంద్ర బ్యాంకుతో కుదిరిన కరెన్సీ మార్పిడి ఒప్పందం కింద వచ్చిన యువాన్లు, అంటే చైనా కరెన్సీ. వాటిని ముట్టుకోవాలంటే దేశం దగ్గర మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలు ఉండాలని షరతు. అంటే అవసరం లేనప్పుడు మాత్రమే వాడుకోగలిగిన డబ్బు! దాన్ని పక్కన పెడితే మిగిలేది నెల రోజులకు కూడా చాలదు. 2022 మేలో ఆర్థిక మంత్రి అలీ సబ్రీ పార్లమెంటులో నిజం చెప్పేశారు, వాడుకోదగ్గ నిల్వలు 5 కోట్ల డాలర్లు కూడా లేవని.

ఈ అంకెల కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. చాలా దేశాల కేంద్ర బ్యాంకులు నిల్వల మీద నెలకోసారి ఒక పట్టిక పెడతాయి, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నమూనా ప్రకారం. అందులో అందరూ పైనున్న మొత్తం చూసి వదిలేస్తారు, అసలు విషయం కింద ఉంటుంది: రాబోయే 12 నెలల్లో ఎంత విదేశీ మారకం బయటికి పోవాలో, నెలలోపు ఎంత, మూడు నెలల్లోపు ఎంత, ఏడాదిలోపు ఎంత అని విడివిడిగా. 2022లో శ్రీలంక కట్టాల్సిన విదేశీ బాకీలు దాదాపు 700 కోట్ల డాలర్లు. చేతిలో 310, కట్టాల్సింది 700, పైగా పెట్రోలు కొనాలి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకు 2022 జనవరిలోనే విషయం అర్థమైపోయింది.

జీడీపీలో (దేశం ఏడాదిలో చేసే మొత్తం ఉత్పత్తి విలువలో) అప్పు ఎంత శాతం అనేదాన్ని మన చానళ్లు తెగ చూపిస్తాయి గానీ, ఒంటరిగా ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండు రెట్ల పైన ఉంది, దాదాపుగా అంతా సొంత కరెన్సీ యెన్‌లోనే, కాబట్టి అక్కడ పెట్రోలు బంకుల ముందు క్యూలు లేవు.

ఆదాయంలో వడ్డీకే ఎంత పోతోంది

రెండో అంకె ఇది. ప్రభుత్వానికి వచ్చే మొత్తం ఆదాయంలో వడ్డీలకు ఎంత పోతోందో చూడండి. శ్రీలంకలో 2021 నాటికి ఇది 70 శాతం దాటింది. నెలకు లక్ష జీతం వచ్చే ఇంట్లో అసలు సంగతి అటుంచి వడ్డీకే 70 వేలు పోతుంటే, మిగతా ముప్పైతో బియ్యం, ఫీజులు, మందులు అన్నీ గడవాలి. అలాంటి ఇల్లు ఇంకో అప్పు చేయకుండా నెల గడపలేదు.

మరి ఆదాయం ఎందుకు అంత తగ్గింది? 2019 నవంబర్‌లో గొటబయ రాజపక్స అధ్యక్షుడయ్యారు, వెంటనే డిసెంబర్ నుంచి భారీగా పన్నులు కోసేశారు. వ్యాట్ 15 శాతం నుంచి 8కి దిగింది. వ్యాట్ కట్టాల్సిన వ్యాపారాల టర్నోవర్ పరిమితి ఏడాదికి 1.2 కోట్ల శ్రీలంక రూపాయల నుంచి ఏకంగా 30 కోట్లకు పెరిగింది, అంటే బోలెడన్ని వ్యాపారాలు పన్ను లెక్కలోంచే బయటికి వెళ్లిపోయాయి. ఎన్నికల హామీ కాబట్టి చప్పట్లు కొట్టారు. తర్వాత నాలుగు నెలలకే కోవిడ్, పర్యాటకులు బంద్. 2019 ఈస్టర్ ఆదివారం జరిగిన బాంబు దాడుల్లో 250 మందికి పైగా చనిపోయాక పర్యాటకం అప్పటికే దెబ్బతిని ఉంది. 2021కి పన్నుల ఆదాయం జీడీపీలో 8 శాతం దిగువకు జారిపోయింది, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో కూడా ఇది బాగా తక్కువ కిందే లెక్క.

ఉచితాల వల్ల మునిగిందనే వాళ్లకు ఈ పేరా చూపించండి. ఖర్చు పెంచినా లోటే, రాబడి కోసేసినా లోటే, కానీ మన చర్చల్లో రెండోదాని మీద ఒక్క మాట కూడా రాదు. పన్ను తగ్గింపు ప్రకటించిన రోజు ఏ నాయకుడినీ ఎవరూ "డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది" అని నిలదీయరు.

పన్నులు తగ్గాక లోటు ఎలా పూడ్చారంటే, కేంద్ర బ్యాంకు ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు (తక్కువ గడువు అప్పు పత్రాలు) కొంటూ పోయింది, మామూలు మాటల్లో చెప్పాలంటే నోట్లు ముద్రించారు. 2020లో, దేశాల అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే రేటింగ్ సంస్థలు వరుసగా గ్రేడ్ దించేశాక విదేశీ మార్కెట్లో కొత్త బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మే దారి కూడా మూసుకుపోయింది. ఏ దేశం గురించైనా "రేటింగ్ తగ్గించారు" అనే వార్త వస్తే, దాని తర్వాత ఆ దేశం డాలర్ బాండ్లు అమ్మగలిగిందా లేదా అన్నది గమనించండి. అమ్మలేకపోతే పాత అప్పు కట్టడానికి కొత్త అప్పు పుట్టదు, ఇక నిల్వలే కరగాలి.

అప్పు ఎవరి దగ్గర

చైనా వలలో పడిందన్న కథ వినడానికి బాగుంటుంది. లెక్క చూస్తే శ్రీలంక విదేశీ అప్పులో చైనా వాటా, ఏది కలుపుతారు ఏది వదిలేస్తారన్నదాన్ని బట్టి 10 నుంచి 20 శాతం మధ్య ఉంది. అంతర్జాతీయ సావరిన్ బాండ్ల, అంటే ప్రభుత్వం విదేశీ మార్కెట్లో అమ్మిన డాలర్ బాండ్ల వాటా మూడో వంతుకు పైనే. ఈ బాండ్ల దారిలోకి ఆ దేశం వెళ్లింది 2007లో, 50 కోట్ల డాలర్లతో. దేశం కొంచెం ఎదిగి పేదల జాబితాలోంచి బయటికి వచ్చేకొద్దీ ప్రపంచ బ్యాంకు, జపాన్ లాంటి చోట్ల దొరికే చౌక అప్పులు తగ్గిపోతాయి, ఆ స్థానంలోకి ఈ బాండ్లు వస్తాయి. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, అసలు మొత్తం ఒకే రోజున కట్టాలి.

చైనా అప్పుతో కట్టిన హంబన్‌టోట రేవును అప్పు కింద జమ చేసుకున్నారనే కథ కూడా అంతే. 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చి 112 కోట్ల డాలర్లు తీసుకున్నది నిజం. కానీ ఆ డబ్బుతో రేవు అప్పు రద్దు కాలేదు, ఆ అప్పు ప్రభుత్వం నెత్తినే ఉంది, వచ్చిన డాలర్లు నిల్వల్లోకి వెళ్లాయి. అంత పెద్ద రేవు అప్పట్లో అక్కడ కట్టాల్సింది కాదని నేనూ అంటాను, అది వేరే చర్చ.

అప్పు ఎవరిదన్నది ఎందుకు ముఖ్యమంటే, కష్టం వచ్చినప్పుడు ఎవరితో కూర్చుని మాట్లాడాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. ఒక ప్రభుత్వానికి బాకీ ఉంటే ఫోన్ చేసి గడువు అడగొచ్చు. బాండ్లు కొన్న వందల ఫండ్లతో మాట్లాడాలంటే లాయర్లు కావాలి, ఏళ్లు పడుతుంది. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో చెల్లింపులు ఆపితే, భారత్, జపాన్, ఫ్రాన్స్ నాయకత్వంలోని దేశాల బృందంతోనూ చైనా ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకుతోనూ ఒప్పందాలు కుదిరేసరికి 2024 జూన్ వచ్చింది, బాండ్ల మార్పిడి ముగిసేసరికి డిసెంబర్ అయింది.

రెండు రేట్లు కనబడితే

బ్యాంకులో ఒక డాలర్ రేటు, బయట ఇంకో రేటు ఉంటే అది పెద్ద హెచ్చరిక. దీన్ని దగ్గర నుంచి చూద్దాం. 2021 చివర్లో శ్రీలంక తన రూపాయిని డాలర్‌కు సుమారు 200 దగ్గర బలవంతంగా పట్టి ఉంచింది. గల్ఫ్‌లో పనిచేసే ఒక మనిషి ఇంటికి 100 డాలర్లు పంపాలి. బ్యాంకు ద్వారా పంపితే ఇంట్లో 20 వేలు అందుతాయి. బయట రేటు 240 అనుకోండి, మనం హవాలా అనేదాన్ని అక్కడ ఉండియల్ అంటారు, ఆ దారిలో పంపితే 24 వేలు. మీరైతే ఎలా పంపుతారు? నాలుగు వేలు ఎవరికి చేదు? ఒక్కసారి అందరూ అదే పని చేస్తే డాలర్లు గల్ఫ్‌లోనే ఏజెంటు చేతిలో ఉండిపోతాయి, దేశానికి చేరవు. విదేశాల నుంచి ఇంటికొచ్చే డబ్బు 2020లో 710 కోట్ల డాలర్లు, 2021లో 550 కోట్లే. వెళ్లిన మనుషులు వెళ్లినట్టే ఉన్నారు, డబ్బు దారి మార్చుకుంది. రేటు నిలబెట్టడానికని చేసిన పని డాలర్లనే దూరం చేసింది, చివరికి 2022 మార్చిలో చేతులు వదిలేస్తే మే కల్లా రూపాయి 360 దాకా వెళ్లింది.

రేటుతో పాటు దిగుమతుల మీద ఆంక్షల జాబితా కూడా చూస్తూ ఉండండి. కార్ల దిగుమతి 2020 మార్చిలోనే ఆపేశారు. విలాస వస్తువులతో మొదలై అవసరమైన వాటి దాకా జాబితా పాకుతోందంటే డాలర్ల కొరత ముదిరిందని అర్థం. 2022 మార్చిలో కాగితం, ఇంకు లేక బడి పరీక్షలు వాయిదా వేశారు, జులైలో పెట్రోలుకు క్యూఆర్ కోడ్ రేషన్ పెట్టారు.

ఇక కుర్చీలు

ఇంతవరకు చూసినవి అంకెలు. ఇవి తెలిసి కూడా ఎందుకు ఆపలేదన్నది రాజకీయం. దీనికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ దేశంలో పైనున్న మనిషికి "వద్దండీ" అని చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా, చెప్పాక వాళ్ల ఉద్యోగం ఉంటుందా?

శ్రీలంకలో 2020 అక్టోబర్‌లో 20వ రాజ్యాంగ సవరణతో అధికారాలన్నీ అధ్యక్షుడి చేతిలోకి వచ్చాయి. తమ్ముడు గొటబయ అధ్యక్షుడు, అన్న మహింద ప్రధాని, 2021 జులై నుంచి ఇంకో తమ్ముడు బాసిల్ ఆర్థిక మంత్రి. పెద్దన్న చమల్, మహింద కొడుకు నమల్ కూడా మంత్రులే. ఇలాంటి కేబినెట్‌లో లెక్కలు బాగోలేవని చెప్పే ఫైలు ఎంత దూరం వెళ్తుందో మీరే ఊహించుకోండి.

ఎరువుల కథ ఇక్కడే అర్థమవుతుంది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించారు. సేంద్రియ వ్యవసాయం పేరు చెప్పారు, ఎరువులకయ్యే డాలర్లు మిగులుతాయన్న లెక్క కూడా ఉంది. సీజన్ల వారీగా కొన్నేళ్లు తీసుకుని చేయాల్సిన మార్పు అది. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు రైతులు గొల్లుమన్నారు, నవంబర్‌లో చాలావరకు వెనక్కి తగ్గారు. మిగిలిస్తామనుకున్న డాలర్లు బియ్యం దిగుమతికి పోయాయి. సేంద్రియం మంచిదా కాదా అన్న గొడవ పక్కన పెట్టండి, ఆ నిర్ణయం తీసుకున్న పద్ధతి చూడండి.

రెండోది ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లడంలో ఆలస్యం. 2021 సెప్టెంబర్‌లో కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా వచ్చిన అజిత్ నివార్డ్ కబ్రాల్ ఐఎంఎఫ్ అవసరం లేదు, మన దారి మనకుందని నెలల తరబడి వాదించారు. 2022 జనవరి 18న, మందులకు డాలర్లు లేవంటున్న సమయంలో, 50 కోట్ల డాలర్ల బాండు బాకీ కట్టేశారు. వాయిదా అడగమని చెప్పినవాళ్లు అప్పుడే ఉన్నారు. మార్చిలో వచ్చిన ఐఎంఎఫ్ నివేదిక అప్పు మోయలేని స్థాయికి చేరిందని రాసింది. ఏప్రిల్‌లో గవర్నర్ మారి నందలాల్ వీరసింఘే రాగానే వడ్డీ రేట్లు ఒకే దెబ్బకు 7 శాతం పాయింట్లు పెంచారు. అది ఆరు నెలల ముందు కొంచెం కొంచెంగా జరగాల్సిన పని.

జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి దూసుకెళ్లారు, 13న గొటబయ మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లిపోయి రాజీనామా చేశారు. 2023 నవంబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు గొటబయ, మహింద, బాసిల్, కబ్రాల్‌తో పాటు మరికొందరు అధికారులు జనం నమ్మకాన్ని వమ్ము చేశారని, సంక్షోభానికి వాళ్లదే బాధ్యతని తేల్చింది.

కాబట్టి ఏ దేశాన్ని చూసినా ఈ వార్తలు ప్రత్యేకంగా పట్టుకోండి: కేంద్ర బ్యాంకు గవర్నర్‌ను గడువు కాకుండా మార్చారా, గణాంకాలు విడుదల చేయడం ఆలస్యమవుతోందా, ఆర్థిక శాఖ కార్యదర్శి హఠాత్తుగా బదిలీ అయ్యారా. ఇవి లోపలి పేజీలో రెండు కాలమ్‌ల వార్తగా వస్తాయి.

పడిపోయాక వచ్చే వార్తలు చదివే పద్ధతి

ఐఎంఎఫ్ 2023 మార్చి 20న సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమం ఆమోదించింది, నాలుగేళ్లలో విడతలుగా ఇచ్చేది. "శ్రీలంక గట్టెక్కింది" అని హెడ్డింగులు వచ్చాయి. ఇలాంటప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్త.

ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు. 2022 సెప్టెంబర్‌లో కొలంబోలో అది 70 శాతానికి దగ్గర, 2023 జులైకి 6 శాతం చిల్లర. వంద రూపాయల సరుకు 170 అయి, తర్వాత 180 అయిందన్నమాట. వందకు తిరిగి రాలేదు, జీతాలు మాత్రం చాలామందికి పాతవే.

రెండోది, భారం ఎవరి మీద పడిందో చూడాలి. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, మళ్లీ 2023 ఫిబ్రవరిలో 66 శాతం పెంచారు. వ్యాట్ తగ్గించిన 8 నుంచి 12కి, 15కి, 2024 జనవరికి 18కి వెళ్లింది. వ్యాట్ ధనవంతుడూ కూలీ ఒకే రేటున కడతారు. దేశీయ అప్పును సర్దేటప్పుడు బ్యాంకులను వదిలేసి, ఉద్యోగుల భవిష్య నిధి లాంటి పింఛను నిధుల మీద కోత పెట్టారు. ప్రపంచ బ్యాంకు అంచనాలో పేదరికం 2021లో 13 శాతం ఉంటే 2022లో 25కి చేరింది. ఇవేవీ "గట్టెక్కింది" అనే వార్తలో ఉండవు. 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలు డబ్బు లేదంటూ వాయిదా పడి 2025 మేలో జరిగాయి, ఖజానా ఖాళీ అయితే ఓటు కూడా వాయిదా పడుతుందని ఇక్కడ తెలిసింది. ఆ మధ్యలో 2024 సెప్టెంబర్‌లో అనుర కుమార దిసానాయకే అధ్యక్షుడు కావడం, నవంబర్‌లో ఆయన కూటమికి 225లో 159 సీట్లు రావడం ఈ కోపానికి కొనసాగింపుగానే చూడాలి.

ఇదే వరుసను 2020 నవంబర్‌లో చేతులెత్తేసిన జాంబియాకు, 2022 డిసెంబర్‌లో ఆగిపోయిన ఘనాకు పెట్టి చూడండి, వివరాలు మారతాయి గానీ డాలర్లు, వడ్డీ, అప్పిచ్చినవాళ్లు, రెండు రేట్లు, కుర్చీలు అన్న వరుస పనికొస్తుంది.

శ్రీలంక మీద ఒక కన్ను వేసి ఉంచాలనుకుంటే 2028ని గుర్తుపెట్టుకోండి. దేశాలతో కుదిరిన ఒప్పందం ప్రకారం అసలు తిరిగి కట్టడం అప్పటి నుంచి మొదలవుతుంది. 2024 చివరికి నిల్వలు 610 కోట్ల డాలర్లకు చేరాయి, అందులో చైనా యువాన్లు అప్పటికీ ఉన్నాయి, కాబట్టి భాగహారం చేసే ముందు వాటిని తీసేయడం మర్చిపోకండి. నెలకోసారి ఆ పట్టిక తెరిస్తే చాలు, రోజూ చూసి టెన్షన్ పడాల్సిన పనేం లేదు.